తాత నిద్రపోలేదు

గడ్డ చేతికి తగలడం, హనుమకొండలో మామోగ్రామ్, హైదరాబాదులో బయాప్సీ, రిపోర్టు కోసం ఎదురుచూపులు. ఇవి ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి కాబట్టి దాటేస్తున్నాను. 2022 వేసవిలో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ముందు కీమోథెరపీ, తరవాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్ అన్నారు. అన్నీ అయ్యాయి. ఇప్పుడు రోజూ ఒక మాత్ర మింగి బడికి వెళ్తున్నాను, ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. భయం చాలావరకు తగ్గింది. కోపం తగ్గలేదు. అది జబ్బు మీది కోపమని ఇంట్లో వాళ్ళు అనుకుంటారు. నాకు కోపం ఒక మాట మీద.

ఆ ఏడు శ్రావణంలో మా మామయ్య గుండెపోటుతో పోయారు. అప్పటికి నాకు రెండో కీమో ఎక్కించి వారం కాలేదు. జనంలోకి రావద్దని డాక్టర్లు చెప్పడంతో కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. వాకిట్లో మామయ్యను పడుకోబెట్టారు. అయిదేళ్ళ మా పాప అందరి కాళ్ళ మధ్య తిరుగుతూ, తాత ఎందుకు లేవడం లేదని అడుగుతోంది. బంధువుల్లో ఒక పెద్దావిడ దాన్ని ఒళ్ళోకి తీసుకుని, "తాత నిద్రపోయాడు బిడ్డా" అంది. అక్కడితో ఆగినా సరిపోయేది. "మీ అమ్మకూ ఒంట్లో బాగాలేదు కదా, నువ్వు అల్లరి చేసి సతాయిస్తే అమ్మ కూడా అలాగే నిద్రపోతుంది" అని కూడా అంది. ప్రేమగానే అంది. తల నిమురుతూ అంది.

ఆ రోజు నుంచి పాప అల్లరి మానేసింది. బొమ్మలు తనే సర్దుకునేది, పెట్టింది తినేది. వచ్చినవాళ్ళంతా ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకుని వెళ్ళేవారు. రాత్రిళ్ళు మాత్రం నిద్రపోయేది కాదు. నాకు కాస్త కన్ను అంటుకోగానే వచ్చి రెండు వేళ్ళతో నా కనురెప్పలు పైకెత్తి చూసేది. "ఏమిటమ్మా?" అని విసుక్కుంటే సంతోషంగా వెళ్ళిపోయేది. తనకు నిద్ర ముంచుకొస్తే తొడ గిల్లుకునేదట. ఆ సంగతి మాకు చెప్పింది మా పెద్దవాడు. వాడికి తొమ్మిదేళ్ళు. పోయినవాళ్ళు తిరిగి రారని ఆ వయసుకు తెలుస్తుంది. అయిదేళ్ళకు తెలియదు. తను చేసిన అల్లరి వల్లనే, తను మనసులో అనుకున్నందువల్లనే ఇంట్లో కష్టం వచ్చిందని నమ్మే వయసు అది. ఆ నమ్మకంలోకి ఆవిడ సూటిగా మేకు దింపింది.

ఇక ఆ రాత్రి. ఎర్ర మందు అంటాం చూడండి, డోక్సోరూబిసిన్, దాని ఆఖరి డోసు ఎక్కించాక రెండో వారం. కీమో తరవాత ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు, ఎంత రాత్రయినా ఆస్పత్రికి వెళ్ళాలి. సాయంత్రం నాకు జ్వరం లేదు. కొంచెం చలిగా ఉందని దుప్పటి కప్పుకున్నానంతే. బయట వాన పడుతోంది.

పాప ఎప్పటిలాగే వచ్చి కనురెప్పలు ఎత్తింది. నేను విసుక్కోలేదు. అది హాల్లో పడుకున్న వాళ్ళ నాన్న దగ్గరికి పరుగెత్తి, "అమ్మ కళ్ళు తెరిచింది కానీ నన్ను చూడటం లేదు" అని చెప్పింది. థర్మామీటరు పెడితే 103. నన్ను కారులో ఎక్కిస్తున్నప్పుడు కాసేపు స్పృహ వచ్చింది. గుమ్మంలో నానమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ పాప ఏడవడం లేదు. "అమ్మా, నేను ఇవాళ అల్లరి చేయలేదు" అంటోంది. మళ్ళీ మళ్ళీ అదే మాట. జ్వరం, వణుకు, సూదులు, అన్నీ మరిచిపోయాను. ఇప్పటికీ రాత్రి మెలకువ వస్తే ఆ గొంతే వినిపిస్తుంది.

మొదట వెళ్ళిన ఆస్పత్రిలో గేటు దగ్గరే ఆపేశారు. కీమో పేషెంటును మేం తీసుకోం, హైదరాబాద్ తీసుకెళ్ళండి అన్నాడు అక్కడి మనిషి, ఫైలు కూడా తెరవకుండా. వానలో, అర్ధరాత్రి, నూట నలభై కిలోమీటర్లు. మా ఆయన దండం పెట్టి బతిమాలాడు. ఆయన జీవితంలో ఎవరి ముందూ అలా చేతులు జోడించి ఉండడు. ఆ గేటు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఈరోజుకీ ఆయన బండి వేరే వీధిలోకి తిప్పేస్తాడు.

రెండో చోట ఒక చిన్న డాక్టరమ్మ డ్యూటీలో ఉంది. బహుశా చదువు అప్పుడే పూర్తయి ఉంటుంది. ఫైలు చూసి బెడ్ కోసం ఎదురుచూడలేదు. వరండాలో స్ట్రెచర్ మీదనే నెత్తురు తీసి పరీక్షకు పంపి, ఫలితం రాకముందే యాంటీబయాటిక్ ఎక్కించింది. ఇలాంటి జ్వరానికి ఆస్పత్రి చేరిన గంటలోపే ఆ మందు పడాలట. తరవాత వచ్చిన రిపోర్టులో న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు, మూడు వందలు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పదిహేను వందల పైన ఉంటాయి, అయిదు వందల లోపు ప్రమాదం. ఆమెకు మా ఇంటి నుంచి ప్రతి సంక్రాంతికి ఒక డబ్బా సకినాలు వెళ్తాయి. అత్తమ్మ చుట్టినవి, విరిగినవి ఏరేసి.

ఇది విని కొందరు బంధువులు, "చూశావా, ఆ పెద్దావిడ అన్న మాటే నిన్ను కాపాడింది, పాప లేపబట్టే కదా తెలిసింది" అంటారు. నేను ఒప్పుకోను. నన్ను లేపింది పాప. దాని నిద్ర పాడుచేసి, గుండెలో రాయి పెట్టిన మనిషికి నేను పైసా బాకీ లేను.

హైదరాబాదులో కీమో ఎక్కించే గదిలో ఒక నర్సు ఉండేది, నల్గొండ వైపు మనిషి. "పిల్లలకు ఏం చెప్పారు మేడం?" అని అడిగింది. అన్నాళ్ళలో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. పిల్లల మనసులో మూడు ప్రశ్నలు ఉంటాయి, అడిగినా అడగకపోయినా మీరు జవాబు చెప్పండి అంది. ఈ జబ్బు నా వల్ల వచ్చిందా? నాకూ అంటుకుంటుందా? నన్ను ఎవరు చూసుకుంటారు? చిన్న పిల్లలకు నోటితో చెబితే ఎక్కదు, బొమ్మల పుస్తకం పెట్టుకుని చెప్పండి అని కూడా ఆమే అంది. బళ్ళో బొమ్మలు చూపించి పాఠం చెప్పే నాకు ఇంకొకరు గుర్తుచేయాల్సి వచ్చింది.

వెతికాను. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి తెప్పించాను. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. ఒక పుస్తకంలో చచ్చిపోయిన కుక్క బొమ్మ ఉన్న పేజీని పాప మళ్ళీ మళ్ళీ తిప్పించుకుంది. "దీని పిల్లలకు అన్నం ఎవరు పెడతారు?" అని అడిగింది. తన గురించి నోరు తెరవని పిల్ల, కుక్కల పేరు మీద తన మూడో ప్రశ్న అడిగేసింది. అత్తమ్మ, నాన్న, చిన్నమ్మ అని నేను వరసగా పేర్లు చెబుతుంటే, కుక్కలకు చిన్నమ్మ ఉంటుందా అని నవ్వింది. శ్రావణం తరవాత అది నవ్వడం అప్పుడే చూశాను.

పోయినవాళ్ళు నక్షత్రమైపోయారని చెప్పే కథలు మాత్రం నాకు వద్దు. అలాంటిది ఒకటి చదివిన రాత్రి పాప మిద్దె మీదికి నిచ్చెన తెమ్మంది.

కీమో గురించి, బోడిగుండు అమ్మ గురించి తెలుగులో నాకు కావలసిన పుస్తకం దొరకలేదు. దసరా సెలవుల్లో నేనే కూర్చుని గీశాను. నాకు బొమ్మలు రావు. బళ్ళో పాఠాల కోసం గీసే చార్టుల మీద నా ఆవును చూసి పిల్లలు మేక అంటారు. పుస్తకంలా కాకుండా, విప్పుకుంటూ చూసే చుట్టలా చేద్దామని తోచింది. అలాంటి చుట్టల బొమ్మలకు పేరున్న చేర్యాల, 2016లో జిల్లాలు మారకముందు మా వరంగల్ జిల్లాలోనే ఉండేది. కాకిపడగలవాళ్ళనే కథకులు అక్కడి నకాషీ పటం విప్పుతూ కథ చెప్పడం చిన్నప్పుడు చూశాను. గుడ్డ మీద చింతగింజల జిగురూ సుద్దమట్టీ పూసి, ఎర్రటి రంగు మీద బొమ్మలు వేస్తారు. ఒక గడి తరవాత ఒక గడి. నేను పాత క్యాలెండర్ల వెనకవైపు గీసి, అంటించి, చీపురుపుల్లల కట్టకు చుట్టాను. చుట్టలో సౌకర్యం ఏమిటంటే, విప్పినంతవరకే బొమ్మ కనిపిస్తుంది. ఎంత విప్పాలో పాప చేతిలో ఉంటుంది.

మొదటి గడిలో గడ్డ. కింద, "ఇది ఎవరి అల్లరి వల్లా రాలేదు, ముద్దు పెట్టుకుంటే అంటుకోదు." తరవాత ఎర్ర మందు. వేగంగా పెరిగే కణాలను ఆ మందు కొడుతుంది, జుట్టు కూడా వేగంగా పెరుగుతుంది కాబట్టి దానికీ దెబ్బ తగులుతుంది అని చెప్పాను. "జుట్టు ఏ తప్పూ చేయలేదు కదా!" అంది పాప. లేదన్నాను. అది చాలాసేపు ఆలోచించింది. తప్పు చేయకపోయినా కష్టం వస్తుందని ఆ రోజు దానికి అర్థమైందని నేను అనుకుంటున్నాను.

తాత గడిని మాత్రం విప్పనిచ్చేది కాదు. నేను బలవంతపెట్టలేదు. దానికంటే ముందే, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట నుంచి తిరిగి వస్తుంటే వాళ్ళ నాన్నను అడిగిందట: "బతుకమ్మను నీళ్ళలో వదిలితే మళ్ళీ ఏడాది వస్తుంది కదా, తాత ఎందుకు రాడు?" ఆయన దగ్గర జవాబు లేదు. మళ్ళీ నన్ను అడిగినప్పుడు, నిరుటి పూలు రావు, ప్రతి ఏడూ కొత్త పూలతో పేరుస్తాం అన్నాను. ఆ సాయంత్రం తనే చుట్ట తెచ్చి చివరి దాకా విప్పింది. అక్కడ రాసి ఉంది: "తాత నిద్రపోలేదు. తాత చనిపోయాడు. గుండె ఆగిపోయింది. ఇప్పుడు ఆకలి వేయదు, చలి వేయదు, నొప్పి లేదు. నిద్రపోయినవాళ్ళ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది." వాళ్ళ నాన్న గురక పెడుతున్నట్టు నటిస్తే, పాప ఆయన ఛాతీ మీద చెవి ఆనించి వింది. తరవాత వాళ్ళ అన్నయ్య గుండె వింది. తరవాత నాది.

అత్తమ్మకు కోపం వచ్చింది. "చిన్నపిల్లకు చావు మాటలేమిటమ్మా? ఆయన మళ్ళీ మన ఇంట్లోనే పుడతాడు" అంది. భర్తను పోగొట్టుకున్న మనిషితో నేనేం వాదించను? నానమ్మ అలా నమ్ముతుంది, నీకు అడగాలనిపిస్తే ఆమెనే అడుగు అని పాపకు చెప్పాను. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకుంటారు. నేను మధ్యలో వెళ్ళను.

ఇలాంటి పరిస్థితిలో ఉన్న తల్లులు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. జుట్టు ఊడకముందే చెప్పండి, ఊడాక కాదు. రాత్రి పడుకునే ముందు ఈ కథలు తీయకండి, పగలు చదవండి. అర్థమైందా అని అడగకండి. ఒకే పేజీ ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చదవండి. తలగడ పక్కన థర్మామీటరు పెట్టుకోండి.

నేను బతికితే సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తానని అత్తమ్మ మొక్కుకుంది. బంగారమంటే బెల్లమే. 2024 ఫిబ్రవరి జాతరకు మేడారం వెళ్ళాం. తల్లుల గద్దెల ముందు నిలబడితే నాకూ ఏడుపు ఆగలేదు, ఎందుకో అడగకండి. మొక్కు కోసం నన్ను తక్కెడలో కూర్చోబెట్టినప్పుడు, కీమో రోజుల్లో తూచి ఉంటే సగం బెల్లం కలిసివచ్చేదని అత్తమ్మ నవ్వింది. ఇంటికి వచ్చాక ఆ తక్కెడ బొమ్మను పాప స్వయంగా గీసి చుట్ట చివర అంటించింది. బెల్లం కంటే నన్నే లావుగా గీసింది. అత్తమ్మను గీయడం మరిచిపోయిందని ఆమె రెండు రోజులు అలిగింది, ఆ తరవాత ఒక మూలన ఆమెకూ చోటు దొరికింది.