వెండిది అనుకున్న కూజా

బర్మింగ్‌హామ్‌లో స్థిరపడిన తరువాత నేను కొన్న తొలి పాత వస్తువు ఒక క్లారెట్ జగ్గు, అంటే విక్టోరియా కాలంలో బోర్డో ఎర్ర వైన్‌ను భోజనాల బల్ల మీద వడ్డించడానికి వాడిన కూజా. ఒళ్లంతా చెక్కడపు పని ఉన్న గాజు. మెడ పట్టీ, మూత, పిడి మాత్రం లోహానివి. సంతలో అమ్మినాయన ముద్రలు చూపించి వెండిదేనన్నాడు, నేను నమ్మాను.

ఇంటికి తెచ్చి భూతద్దం పెట్టి చూశాను. ఇంగ్లండులో పాత స్టెర్లింగ్ (నూటికి 92.5 పాళ్లు వెండి ఉన్న) వస్తువుల మీద నడుస్తున్న సింహం, పరీక్షించిన ఊరి గుర్తు, సంవత్సరాన్ని తెలిపే అక్షరం, తయారీదారు పొడి అక్షరాలు ఉంటాయి; ఊరి గుర్తు బర్మింగ్‌హామ్‌కు లంగరు, లండన్‌కు చిరుత తల. నా కూజా మీద సింహమూ లేదు, లంగరూ లేదు. చిన్న చిన్న డాళ్లలో ఇ, పి, ఎన్, ఎస్ అనే నాలుగు అక్షరాలున్నాయి. అంటే ఎలక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్, నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత. ఈ ఊరి ఎల్కింగ్టన్‌లు 1840లో పేటెంటు పొందిన పద్ధతి ఇదే. ఆ అడుగు లోహంలో రాగి, నికెల్, జింకు తప్ప వెండి రవ్వంతైనా ఉండదు. మనం వాయనాలకు ఇచ్చే కుంకుమ భరిణెల జర్మన్ సిల్వర్ అదే. అక్షరాలను వెండి ముద్రల వలె డాళ్లలో బిగించడాన్ని మోసమనాలో వ్యాపార నేర్పు అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

విభూతితో తోమమని అమ్మ ఫోనులో చెప్పింది. గట్టి వెండి చెంబుకు అది చెల్లుతుంది గానీ, పూత వస్తువును ఏ పొడితో రుద్దినా పైపొర అరిగిపోతుంది. పిడి వంపులో కింది లోహం అప్పటికే పసుపు ఛాయతో తొంగిచూస్తోంది. అందుకే మెత్తని నూలుగుడ్డతో, వెండి క్రీముతో సరిపెట్టాను. పట్టీని గాజుకు అతికించేది ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కనుక కూజాను నీటిలో ముంచకూడదు. లోపల గుప్పెడు బియ్యం, కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి తిప్పితే వైన్ మరకలు వదిలాయి. అడుగున మాత్రం ఒక మసక మిగిలిపోయింది. ఏళ్ల తరబడి తేమ నిలిచి గాజులోని క్షారమే బయటికి వచ్చినప్పుడు ఏర్పడే ఆ మసక కడిగితే పోయేది కాదు.

వదులైన పట్టీయే ఎక్కువ శ్రమ పెట్టింది. పాత ప్లాస్టరును వెదురు పుల్లతో గీకి, కొత్తది కలిపి అమర్చితే, చిక్కగా కలిపినందువల్ల పట్టీ ఒరిగి మూత పడలేదు. అంతా తీసి, పలుచగా కలిపి, మూత మూసి చూసుకుంటూ రెండోసారి కూర్చోబెట్టి రెండు రోజులు కదపలేదు. మూడోనాడు నీళ్లు పోసి వంచితే పట్టీ కదలలేదు. సీసం కలిసిన గాజు, పులుపు ఆ సీసాన్ని లాగుతుంది కనుక అందులో నిమ్మరసం నిల్వ ఉంచవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.