బుధవారం కోర్టు

సిటిజన్‌షిప్ వచ్చిన రెండో ఏడే అమెరికాలో నెవార్క్ ఫెడరల్ కోర్టు నుంచి కవరొచ్చింది, గ్రాండ్ జ్యూరీకి రమ్మని. అంటే ఒకరి మీద కేసు నడపాలా వద్దా అని తేల్చే మామూలు జనం గుంపు. ఒకటి రెండు రోజుల పనిలే అనుకున్నా. తీరా వెళ్తే వారానికో రోజట, 18 నెలల దాకా ఉంచుకోవచ్చట. రోజుకి 50 డాలర్లు. జ్యూరీకి వెళ్లినవాణ్ణి ఉద్యోగంలోంచి పీకేయడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి మా మేనేజరు కిక్కురుమనలేదు.

చిక్కొచ్చింది హైదరాబాద్ టీముతో. బుధవారం కాల్‌లో నేను లేకపోతే ఎవరో "అన్న కోర్టుకెళ్లాడు" అన్నారు. మూడో వారానికి అది "అన్న మీద ఏదో కేసుందంట" అయి కూర్చుంది.

ఆ గదిలో జడ్జి ఉండడు. ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్ల లాయరూ ఉండడు. ప్రాసిక్యూటరు (ప్రభుత్వం తరఫు లాయరు), సాక్షి, స్టెనో, మేము. మొత్తం 23 మందిమి. కనీసం 16 మంది రాకపోతే పని మొదలవదు. సాక్ష్యం అయ్యాక ప్రాసిక్యూటరు "మీరేమైనా అడుగుతారా?" అని మావైపు తిరుగుతుంది. తర్వాత ఆవిడా బయటికెళ్లిపోతుంది, తలుపేసుకుంటాం. 12 మంది సరేనంటే మా జ్యూరీ పెద్ద, ఫోర్‌పర్సన్, అభియోగ పత్రం మీద సంతకం పెట్టి మెజిస్ట్రేట్ జడ్జికి ఇస్తాడు. అదే ఇండైట్‌మెంట్. నేరం రుజువైనట్టు కాదు, కేసు నడపడానికి ఆధారం ఉందని మాత్రమే. ఒక పక్కే విని చెయ్యెత్తడం నాకిప్పటికీ మింగుడు పడదు.

మనిషి పారిపోతాడనుకుంటే చేతికి చిక్కేదాకా ఆ ఇండైట్‌మెంట్‌కి సీలు వేయిస్తారు. వారెంటు పనికి తప్ప, అలాంటి కాగితం ఒకటుందని కూడా ఎవరూ అనకూడదు. సాక్షి తను చెప్పింది బయట చెప్పుకోవచ్చు గానీ మేం నోరు జారితే కోర్టు ధిక్కారమే. రాసుకున్న నోట్‌బుక్కులు కూడా సాయంత్రం అక్కడే వదిలేసి రావాలి.

"ఏం కేసులురా?" అని తెనాలి నుంచి అమ్మ.

"చెప్పకూడదమ్మా."

"నాకు కూడానా? ఇక్కడ నేనెవరికి చెప్తాను!"

అమ్మకి చెబితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అయినా ఆవిడ తప్పేముంది, మన దగ్గర ఎఫ్ఐఆర్ పడీపడకముందే జిల్లా పేజీలో ఫొటో వచ్చేస్తుంది. ఇక్కడ 12 చేతులు లేవకపోతే ఆ పేరు ఆ గదిలోనే ఉండిపోతుంది. ఆ మనిషి ఎడిసన్ ఊళ్లో కిరాణా కొట్లో నా పక్కనే నిలబడి బెండకాయలు తుంచి చూసుకుంటూ ఉండొచ్చు, తన పేరు మా ముందుకొచ్చిందని తనకే తెలియకుండా.

మొన్న టీములో కుర్రాడొకడు విడిగా మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఏమనుకోకండి. మా బావ లాయరే. ఏదైనా అవసరమైతే చెప్పండి."

"జ్యూరీ డ్యూటీ తమ్ముడూ, నా మీద కేసు కాదు" అని రాశా.

"సరే అన్నా. నేనెవరికీ చెప్పను."