573 ఉత్తరాలు, ఒక్కొక్కటే

మా ఆయన ఉద్యోగం కోసం దోహా వెళ్లిన ఏడాది, రాత్రిళ్లు నిద్ర పట్టక ఒక పని పెట్టుకున్నాను. ఇంగ్లండ్ కవులు ఎలిజబెత్ బారెట్, రాబర్ట్ బ్రౌనింగ్ 1845 జనవరి నుంచి 1846 సెప్టెంబర్ దాకా ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలన్నీ వాళ్ల చేతిరాతలోనే చదవాలని. మొత్తం 573. అసలు కాగితాలు అమెరికాలో వెల్స్లీ కాలేజీలో ఉన్నాయి. స్కాన్లు ఎవరైనా నెట్‌లో చూడొచ్చు.

మొదటి వారం ఏడుపొక్కటే తక్కువ. ఎలిజబెత్ అక్షరాలు చిన్నవి, మాట మధ్యలో ఆగినప్పుడల్లా రెండు చుక్కలు పెడుతుంది. వాటిని ఫుల్‌స్టాప్ అనుకుని వాక్యాలన్నీ తప్పు చదివాను. చాలా ఉత్తరాల మీద వారం పేరే తప్ప తేదీ ఉండదు, కవరు మీది పోస్టు ముద్ర చూసుకోవాలి. అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ సరిచూస్తూ పోయాను. వంద దాటాక అచ్చు ప్రతి మూసేసి చదవడం మొదలుపెట్టాను.

ఇద్దరూ ఉన్నది లండన్‌లోనే. ఆవిడ వింపోల్ స్ట్రీట్ 50వ నంబరు ఇంట్లో, అతను న్యూ క్రాస్ దగ్గర. కానీ ఆవిడకు ఆరోగ్యం బాగుండదు, పిల్లల్లో ఎవరూ పెళ్లి చేసుకోకూడదని తండ్రి పట్టుదల. 1840లో వచ్చిన పెన్నీ పోస్టు వల్ల అరఔన్సు ఉత్తరం ఒక్క పెన్నీకి వెళ్లేది. లండన్‌లో రోజుకు చాలాసార్లు బట్వాడా. పొద్దున రాస్తే సాయంత్రానికి జవాబు. ఆ జవాబు ఒక పూట ఆలస్యమైతే వాళ్లు పడే కంగారు చదువుతుంటే నాకూ గుండె దడగా ఉండేది.

రాబర్ట్‌కు ఒక అలవాటుంది. ఆవిడను కలిసి వచ్చిన ప్రతిసారీ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా కలిశారో ఆవిడ కవరు మీద రాసుకునేవాడు. మొదటిది 1845 మే 20, మంగళవారం, మూడు నుంచి నాలుగున్నర. 1846 సెప్టెంబర్ 12న చర్చిలో రహస్యంగా పెళ్లి చేసుకున్నారు. దాన్నీ అలాగే రాసుకున్నాడు, 91వ సారి అని. ఆ అంకె చూశాక ఆ రాత్రి ఇంకేమీ చదవలేకపోయాను.

పెళ్లయ్యాక ఆవిడ ఉంగరం తీసేసి పుట్టింటికే వెళ్లింది. భార్యను పెళ్లికాని పేరుతో పిలిచి కలవమని అడగడం ఇష్టంలేక అతను ఆ గుమ్మం తొక్కలేదు. వారం రోజులు ఉత్తరాలే. నాకన్నిటికన్నా దగ్గరైనవి అవే. వాటిలో కవిత్వం కన్నా పెట్టెలు, రైళ్లు, ఓడల టైములే ఎక్కువ. అంత చదువుకున్న మనిషి టెన్షన్‌లో టైము తప్పు రాస్తే ఆవిడ గమనించి సరిచేసింది. చివరి ఉత్తరం 18వ తేదీ రాత్రిది. రేపు ఈపాటికి నన్ను ప్రేమించడానికి నువ్వొక్కడివే ఉంటావని రాసింది. మర్నాడు బయల్దేరి వెళ్లిపోయారు.

ఆ ఉత్తరాన్ని ఫోన్లో మా ఆయనకు తెలుగులో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన టికెట్ తేదీ, ఫ్లైట్ టైము మళ్లీ చెప్పి, ఎక్కడైనా రాసి పెట్టుకోమన్నారు. అప్పటికే క్యాలెండర్ మీద రాసి ఉంది. అయినా ఇంకోసారి రాశాను.