చింతపండుతో తోమిన పతకం

తాతయ్య గుర్తుగా మా ఇంట్లో మిగిలింది ఒక్క పతకమే. ఆరు కోణాల నక్షత్రం. మామ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టి, పండక్కి ఇత్తడి సామానుతో పాటు చింతపండు వేసి తోమేది. ఆయన మిలటరీలో చేరి బర్మా యుద్ధంలో పోయాడని, అప్పటికి నాన్న నెలల పిల్లాడని మాత్రం తెలుసు. కాగితాలేవో ఉండేవట గానీ 1953 గోదావరి వరదకి భోషాణంతో సహా నానిపోయాయి.

నాన్నకు ఎనభై దాటాక, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనిపించి వెతకడం మొదలుపెట్టాను.

ఇండియా గేటు మీద తాతయ్య పేరుందని మా పెద్దత్తయ్య గట్టి నమ్మకం. ఢిల్లీ వెళ్ళి మెడ నొప్పెట్టేదాకా గోడలు చూశాక తెలిసింది, అది 1931లోనే కట్టడం అయిపోయిందని! అక్కడున్న 13 వేల పైచిలుకు పేర్లు మొదటి ప్రపంచ యుద్ధానివి, 1919 అఫ్గాన్ యుద్ధానివి. 1945లో పోయిన మనిషి అక్కడెందుకుంటాడు? వెళ్ళేముందు ఆ పాటి ఆలోచన నాకు రాలేదు.

తిరిగొచ్చాక పతకం వెనక భూతద్దం పెట్టి చూశాను. అది ‘బర్మా స్టార్’. బ్రిటన్ తన సైనికులకు ఈ స్టార్లను పేరు లేకుండానే ఇచ్చింది. మనవాళ్ళకిచ్చిన వాటిమీద మాత్రం చాలావరకు నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఉంటాయి. మా మామ్మ భక్తికి నంబరులో చివరి రెండంకెలూ, పేరులో సగమూ అరిగిపోయాయి. ‘ఎస్‌పీఆర్’ అన్న అక్షరాలు, మద్రాస్ సాపర్స్ అని పోల్చుకోగలిగేంత దళం పేరు మిగిలాయి. ఎస్‌పీఆర్ అంటే సాపర్. వంతెనలు కట్టడం, దారులు వేయడం, శత్రువు పాతిన మైన్లు తీయడం వాళ్ళ పని. రికార్డు ఆఫీసుకు రాస్తే పూర్తి నంబరు లేనిదే కష్టమన్నారు.

అప్పుడు దొరికింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది వివరాలు అందులో ఉన్నాయి, డబ్బేమీ కట్టక్కర్లేదు. సర్‌నేమ్ గడిలో మా ఇంటిపేరు కొట్టాను. ఏమీ రాలేదు. వారం పోయాక అర్థమైంది. పటాలంలో చాలామందికి ఇంటిపేరు రాసుకోలేదు, ఒట్టి పేరునే సర్‌నేమ్ కింద ఎక్కించారు. ఆ పేరైనా తిన్నగా రాశారా? వెంకయ్య అనే మనిషి వెంకియా కావచ్చు, యెంకయ కావచ్చు. తెల్ల దొరకో, తెలుగు రాని గుమాస్తాకో ఎలా వినబడితే అలా. అందుకని పేరు పక్కన పెట్టి ఇండియన్ ఆర్మీ, రెండో యుద్ధం, దళం, నంబరు మొదటి అంకెలు పట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఎవరైనా వెతకదలిస్తే నా సలహా ఇదే, ఇంటిపేరును నమ్ముకోకండి.

ఒక రికార్డు దగ్గర ఆగాను. అంకెలు కలిశాయి. ఊరి పేరు కూడా, కాస్త వంకరగా ఉన్నా, మాదే. తండ్రి పేరు సరిపోయింది. కానీ తల్లి పేరు ఏం రాశారో భార్య పేరూ అదే రాశారు. మా మామ్మ పేరు బుల్లెమ్మ. గుమాస్తా ఒకే పేరు రెండుసార్లు కొట్టేశాడనో, మనిషే వేరనో అనుకుని వదిలేశాను. నెలరోజులు దాని జోలికి వెళ్ళలేదు.

మామ్మ చెల్లెలు, మా చిన్నమామ్మకు తొంభై దాటాయి. ఏదో పెళ్ళి విషయం మాట్లాడుతూ ఫోన్లో ఈ సంగతీ చెప్పాను. ఆవిడ పకపకా నవ్వింది.

“ఓరి పిచ్చి సన్నాసీ, అక్క అసలు పేరు అదేరా! అత్తగారి పేరూ అదే అయిపోయింది. కోడల్ని ఆ పేరు పెట్టి కేకేస్తే అత్తగారిని పిలిచినట్టుండదూ? అందుకని కాపరానికెళ్ళిన రోజునుంచీ బుల్లెమ్మ అన్నారు.”

డెబ్భై ఏళ్ళు ఆ ఇంట్లో ఎవరి నోటా పలకని పేరు తాతయ్య మాత్రం పటాలంలో రాయించాడు.

ఆయన పోయింది 1945 ఫిబ్రవరిలో. మన సైన్యం ఐరావతి నది దాటుతున్న రోజులవి. సమాధి లేదు. రంగూన్‌కి ఉత్తరాన టౌక్యాన్‌లో ఉన్న స్మారకం మీద, దాదాపు 27 వేల పేర్ల మధ్య ఆయన పేరుంది. ‘స్వేచ్ఛగా బతికే మనుషులందరి కోసం వీళ్ళు ప్రాణాలిచ్చారు’ అన్న అర్థం వచ్చే మాట అక్కడ ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖిల్లో చెక్కారు. తెలుగులో లేదు. నాకు కాస్త కష్టంగానే అనిపించింది.

ప్రింటు తీసి నాన్న చేతిలో పెట్టాను. తిథి తెలియక ఇన్నేళ్ళూ మహాలయ అమావాస్యకే తద్దినం పెడుతున్నారు. కళ్ళజోడు సర్దుకుని తేదీ రెండుసార్లు చదివారు.

“తారణ నామ సంవత్సరం అవుతుంది. శాస్త్రిగారి దగ్గర పాత పంచాంగాలుంటాయి, బండి తియ్యి” అన్నారు.