చెమట ఆరకముందే

కంపెనీల సామాజిక బాధ్యత అనగానే లాభంలో కొంత తీసి చేసే దానమే చాలామందికి గుర్తుకు వస్తుంది గానీ, ఇస్లాం దృష్టిలో ఆ బాధ్యత లాభం చేతికి రాకముందే, సరుకు తూచే త్రాసు దగ్గరే మొదలవుతుందని నేను నమ్ముతాను. ఖురాన్ 83వ అధ్యాయం తూనికలో మోసం చేసేవారికి వినాశం తప్పదన్న హెచ్చరికతోనే ఆరంభమవుతుంది. 57వ అధ్యాయం 7వ వచనం మనిషిని సంపదకు యజమానిగా కాక, అప్పగించినదానిని కాపాడే ధర్మకర్తగా చూపుతుంది. కూలివాని చెమట ఆరకముందే అతని వేతనం చెల్లించమన్న ప్రవక్త మాటను, చిన్న సరఫరాదారుల బిల్లులను నెలల తరబడి నిలిపివేసి ఆ సొమ్ముతోనే వ్యాపారం నడుపుకునే సంస్థలకు అన్వయించి చూసినప్పుడు, వాటి వార్షిక నివేదికల్లో కనిపించే దానధర్మాల ఫొటోలు నన్ను నిజంగా బాధిస్తాయి.

జకాత్ సంగతి వేరు. నిర్ణీత పరిమితికి తగ్గకుండా ఏడాది పాటు నిలిచిన సంపదపై 2.5 శాతం చెల్లించడం విధి, అది పేదల హక్కు. కనుక దానిని సంస్థ తన ఉదారతగా ప్రచారం చేసుకోవడం నాకు సమ్మతం కాదు. ఇచ్చినదానిని చెప్పుకుని, పుచ్చుకున్నవారిని నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని 2వ అధ్యాయం 264వ వచనం స్పష్టంగానే వారిస్తుంది.