రాని పంపుకు ‘డెలివరీ అయింది’ అన్నారు: పైసలు వాపస్ తెచ్చుకున్న నా అనుభవం

మాది మునుగోడు దగ్గర ఒక పల్లె. పత్తికి మందు కొట్టడానికి 16 లీటర్ల చార్జింగ్ పంపు ఒకటి ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. మూడు వేల చిల్లర. నల్లగొండలో అడిగితే అలాంటిదే ఏడెనిమిది వందలు ఎక్కువ చెప్పారు, అందుకే ఆన్‌లైన్‌కు పోయాను. మా పిన్‌కోడ్‌కు క్యాష్ ఆన్ డెలివరీ లేదని చూపించింది కాబట్టి యూపీఐలో ముందే కట్టాల్సి వచ్చింది.

మా దిక్కు పార్సిల్ ఇంటి దాకా రావడం తక్కువే. డెలివరీ పిల్లలు నల్లగొండ నుంచి బైక్ మీద రెండు సంచుల నిండా సామాను వేసుకుని వస్తారు, మునుగోడు చౌరస్తాలో ఆగి ఒక్కొక్కరికి ఫోన్ కొడతారు, పోగలిగినవాళ్లం పోయి తెచ్చుకుంటాం. నాకూ అట్లనే ఫోన్ వచ్చింది. “అన్నా, పార్సిల్ ఉంది, మునుగోడు వస్తవా, ఇయ్యాల మీ ఊరికి రూట్ లేదు” అన్నాడు. చేన్ల ఉన్నా తమ్మీ, రేపు ఇంటికే తీసుకురా అన్నాను. సరే అన్నాడు. పొద్దుమూకినంక ఇంటికొచ్చి ఫోన్ చూస్తే ‘మీ ఆర్డర్ డెలివరీ అయింది’ అని మెసేజ్ ఉంది.

ఆ పిల్లగాడికి తిరిగి చేద్దామంటే కలవదు. వాళ్లు మనకు చేసేది వాళ్ల సొంత నంబర్ నుంచి కాదు, కంపెనీ పెట్టిన మధ్యలో నంబర్ నుంచి, మనం వెనక్కి చేస్తే ఏదో రికార్డింగ్ మోగి కట్ అవుతుంది. యాప్‌లో ‘వస్తువు అందలేదు’ అనే దాని మీద నొక్కితే మిషన్ చాట్ వచ్చింది. పక్కింట్లో అడగండి, వాచ్‌మన్‌ను అడగండి అంటుంది. మా ఊళ్లో వాచ్‌మన్ ఎవరు? సరే, విచారణ చేస్తాం ఆగండి అన్నారు, ఆగాను. చివరికి ‘మా రికార్డుల ప్రకారం వస్తువు అందజేయబడింది, రిఫండ్ కుదరదు’ అని తేల్చి ఫిర్యాదు మూసేశారు. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే.

మా మేనల్లుడు గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఇచ్చాడు. ఎత్తినవాడు చాలా మర్యాదగా మాట్లాడి, ఫోన్‌లో ఒక యాప్ వేసుకోండి, స్క్రీన్ మాకు కనబడితే వెంటనే రిఫండ్ చేస్తాం అన్నాడు. కట్ చేసి పారేశాను. మనకు పైసలు రావడానికి పిన్ కొట్టే పని లేదు, స్క్రీన్ చూపించే పని అంతకన్నా లేదు. కంపెనీ నంబర్ కావాలంటే యాప్ లోపలే చూడాలి, వెతుకులాటలో వచ్చేవాటిలో దొంగ నంబర్లు కూడా ఉంటాయి. ఒకవేళ ఎవరైనా ఇలాంటి వాళ్లకు పైసలు పోగొట్టుకుంటే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి, ఎంత లేటైతే అంత కష్టం.

అసలు దారి దొరికింది డెలివరీ ప్రూఫ్ అడిగినప్పుడు. యాప్ లోపలి నుంచి తెలుగులో మాట్లాడే మనిషిని పట్టుకుని, ఇచ్చామంటున్నారు కదా, ఎవరికి ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు, అది పంపండి అన్నాను. ముందు ఇవ్వలేమన్నారు. ఇవ్వలేమని రాసి ఇవ్వండి అన్నాను. అప్పుడు పంపారు, ఒక ఫోటో. బైక్ సీటు మీద అట్టపెట్టె, దాని పక్కన హెల్మెట్, వెనకాల తారు రోడ్డు, ఎవరిదో బర్త్‌డే ఫ్లెక్సీ సగం ముక్క. ఇల్లు లేదు, గేటు లేదు, మనిషి లేడు. తీసుకున్నవారి పేరు దగ్గర ‘సెల్ఫ్’ అని ఉంది. టైము 12:10. నా ఫోన్‌లో ఆ పిల్లగాడి కాల్ చూస్తే 12:25! అంటే ఇచ్చేశానని కొట్టిన పావుగంటకు నాకు ఫోన్ చేసి మునుగోడు వస్తవా అని అడిగాడన్నమాట. ఆ రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టుకున్నాను, ఇక వాదించాల్సింది ఏమీ లేదనిపించింది.

తర్వాత కస్టమర్ కేర్‌తో మాట్లాడటం మానేసి గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, అంటే కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి, మెయిల్ పెట్టాను. చాలామందికి ఈ మనిషి ఉంటాడనే తెలియదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి కంపెనీ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టి, పేరు, వివరాలు బయటికి చూపించాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. యాప్‌లో అట్టడుగున, ఎవరూ చదవని అక్షరాల్లో ఉంటుంది. మా మేనకోడలు ఇంగ్లిష్‌లో టైప్ చేసింది, నాలుగు ముక్కలే రాయించాను: ఆర్డర్ నంబర్, పైసలు కట్టిన యూపీఐ రిఫరెన్స్ నంబర్, రెండు స్క్రీన్‌షాట్లు, పైసలు ఏ ఖాతా నుంచి పోయాయో ఆ ఖాతాకే రావాలి అనే మాట. తిట్లు, బాధలు ఏమీ పెట్టలేదు, రాస్తే చదివేవాడు అసలు సంగతి వదిలేసి దాన్నే పట్టుకుంటాడు.

అందింది అని జవాబు వచ్చింది. తర్వాత యాప్ వ్యాలెట్‌లో వేస్తాం, ఒప్పుకోండి అని మెసేజ్. వ్యాలెట్‌లో వేస్తే ఆ పైసలతో మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలి. వద్దన్నాను. దాంతో మళ్లీ చప్పుడు లేదు.

అప్పుడు 1915కి చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతలి అమ్మాయి అంతా విని, ఆర్డర్ వివరాలు రాసుకుని డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్, ఇచ్చింది. కాగితాలు వాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టాం. ఒక సంగతి తెలిసి ఉండాలి, 1915 వాళ్లు కోర్టు కాదు, కంపెనీకి హుకుం వేయలేరు. కానీ పెద్ద కంపెనీలు చాలావరకు వాళ్లతో కలిసి పనిచేస్తాయి, ఫిర్యాదు నేరుగా కంపెనీ లోపల వేరే టీముకు పోతుంది, ఆ టీము చాట్‌లో ఉండే మిషన్ కాదు. అక్కడా తేలకపోతే నల్లగొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ బెంగళూరులో ఉన్నా సరే. వస్తువు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు, రెండేళ్ల లోపల వేయాలి, ఈ-జాగృతి అనే సైట్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. నేను ఫైలు కట్టి పెట్టుకున్నాను కూడా.

డాకెట్ పడ్డాక ఫోన్లు మొదలైనయి. మొదట ఆ డెలివరీ పిల్లగాడే, ఈసారి సొంత నంబర్ నుంచి. “అన్నా, కంప్లైంట్ వాపస్ తీస్కో అన్నా, నా జీతంల కోస్తరు. చౌరస్తాల చాయ్ బండి కాడ పెట్టిపోయిన, నువ్వు వచ్చి తీస్కుంటవనుకున్న.” నిజమో కాదో నాకు తెలియదు. సగం పైసలు నా జేబులకెల్లి ఇస్తా అన్నాడు. నీ పైసలు నాకొద్దు తమ్మీ, నేను కట్టింది కంపెనీకి, కంపెనీయే ఇస్తది అన్నాను. పాపం అనిపించింది, అబద్ధం చెప్పను. ఎండల అన్ని ఊర్లు తిరిగి పార్సిల్‌కు ఇంతని తెచ్చుకునేవాడు, అన్నీ ఆ రోజే అయిపోయినట్టు చూపించమని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. కానీ వాడి మీద జాలితో నేను అందిందని రాసిస్తే లాభపడేది వాడు కాదు.

పార్సిళ్లు పంచే హబ్ నుంచి ఇంకొకాయన ఫోన్ చేసి, వేరే పార్సిల్ పంపిస్తున్నాం, మీకు ఓటీపీ వస్తుంది, చెప్పండి సార్ అన్నాడు. వస్తువు చేతికి రాకుండా ఓటీపీ చెప్తే అందినట్టే లెక్క. పార్సిల్ తెచ్చి నా చేతిలో పెట్టినంక చెప్తా అన్నాను. మళ్లీ చేయలేదు.

ఇక కంపెనీ నుంచి రిఫండ్ పంపామని మెసేజ్ వచ్చింది. పంపామంటే పడ్డట్టు కాదు, ఊరికే ఆగకుండా రిఫరెన్స్ నంబర్ అడిగి తీసుకున్నాను. నా యూపీఐకి రెండు ఖాతాలు ఉన్నాయి, పైసలు పోయిన ఖాతాకు మెసేజ్‌లు సరిగ్గా రావు. మునుగోడు పోయి పాస్‌బుక్ ప్రింట్ కొట్టిస్తే కిందనుంచి రెండో లైన్‌లో ఉంది, పూర్తి మొత్తం, రూపాయి తగ్గలేదు. బ్యాంకుకు పోయే లోపలే కంపెనీ మనిషి ఒకతను ఫోన్ చేసి, రిఫండ్ పంపేశాం కదా, 1915కి సమస్య తీరిందని చెప్పండి సార్ అని బతిమాలాడు. పాస్‌బుక్ చూసినంక చెప్తా అన్నాను, చూసినంకనే చెప్పాను.

పంపు అప్పటికే నల్లగొండలో కొన్నాం, ఆ ఏడెనిమిది వందలు ఎక్కువ పెట్టే. పత్తి మీద పడే పచ్చదోమ పురుగు నా రిఫండ్ కోసం ఆగుతుందా మరి.