కంప్యూటర్ లెక్క ఆపేసిన చోట

మైకేల్ క్రైటన్ 1990లో రాసిన ‘జురాసిక్ పార్క్’, 1995లో వచ్చిన దాని తరువాయి ‘ది లాస్ట్ వరల్డ్’ వరసపెట్టి చదివేశాను. కింద పెట్టబుద్ధి కాలేదు! డైనోసార్లు వెంటపడే ఘట్టాలు ఊపిరి తీసుకోనివ్వవు, నిజమే. కానీ నాకు ఒళ్లు జలదరించింది మాత్రం ఓ లెక్క దగ్గర. డీఎన్‌ఏతో మళ్లీ పుట్టించిన డైనోసార్ల పార్కు అది, అక్కడి జంతువుల్ని కంప్యూటర్ లెక్కపెడుతుంది. ఉండాల్సినన్ని దొరకగానే ఆపేస్తుంది. ఇంకా ఎక్కువ ఉన్నాయేమో వెతికించమంటాడు గణితవేత్త మాల్కమ్. అంకె పెరుగుతుంది, మళ్లీ పెరుగుతుంది. అన్నీ ఆడవే అనుకున్నవి పిల్లల్ని పెట్టేశాయి! డైనోసార్లలో కప్ప డీఎన్‌ఏ కలిపిన ఫలితం అదంతా, కొన్ని కప్పల్లాగే వాటిలో కొన్ని మగవిగా మారిపోయాయి. ఒక్క తుపాకీ పేలకుండా ఇంత భయపెట్టాడు చూడండి, అదీ సైన్స్ థ్రిల్లర్ అంటే. రెండోది అంత బిగువుగా లేదు గానీ, ట్రైలర్ బండి కొండ అంచున వేలాడే ఘట్టం కోసమైనా చదవాల్సిందే.